ఎదిగిన మెదడులో పుట్టే కణాలు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం: రుద్రంగిలో చేసిన ప్రసంగ పాఠం)

 

భీమవరంలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూసిన మనిషి పేరు మీద రుద్రంగిలో సభ ఎందుకని కొందరికి అనుమానం రావచ్చు. ఆయన రుద్రంగి పేరు విని కూడా ఉండడు. కానీ ఆయన మందులు మన ఇళ్లకు వచ్చాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బోదకాలు పీడ ఉన్న జిల్లాల్లో ఒకటి. ఆ జబ్బు అరికట్టడానికి ఆశా కార్యకర్త గోలీల డబ్బా పట్టుకుని గడప గడపకు తిరుగుతుంది. పదిహేనేళ్లు దాటినవాళ్లకు మూడు డి.ఇ.సి. గోలీలు, ఒక ఆల్బెండజోల్. తన కళ్ల ముందే మింగమంటుంది. మనమేమో “తిన్నంక వేసుకుంటం తియ్, అక్కడ పెట్టిపో” అంటాం. ఆమె కదలదు. ఆ డి.ఇ.సి.ని బోదకాలు మందుగా 1947లో లోకానికి ఇచ్చింది సుబ్బారావు బృందం. అప్పుడు దాని పేరు హెట్రజాన్. బడిలో పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలి గోలీలో, గర్భిణులకు ఇచ్చే ఎర్ర గోలీలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయడం నేర్పిందీ ఆ బృందమే. బోదకాళ్లకు ప్రభుత్వ పింఛను అందుకునేవాళ్లు ఉన్న మండలంలో ఆయన్ను తలుచుకోవడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు.

అయితే మందుల జాబితా చదివి దండ వేసి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. సుబ్బారావు చేయి పడిన పదార్థాలు ఇవాళ ఒక కొత్త ప్రశ్న చుట్టూ మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. ఎదిగిన మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా, పుడితే వాటిలో ఏది బతకాలో, ఏది పోవాలో ఎవరు తేలుస్తారు? మెదడులోని రోగనిరోధక కణాలకు ఇందులో పెద్ద పాత్ర ఉందని గత ఇరవై ఏళ్లలో తేలింది. ఆ కణాల పేరు మైక్రోగ్లియా. నా మాటలన్నీ వాటి గురించే.

ముందు మనిషిని రెండు ముక్కల్లో తలుచుకుందాం. 1895 జనవరి 12న పుట్టాడు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కున్నందుకు శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం లేక మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆ జబ్బు రక్తహీనతకు పనికొచ్చిన మందుల్లో తర్వాతి కాలంలో ఫోలిక్ యాసిడ్ ఒకటైంది. అప్పటికి అన్నదమ్ములు లేరు. 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే పోయాడు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకు కొత్త కాదు. ఆ కొలత చేతికి రావడంతో కండరంలో భాస్వరం ఏ రూపంలో ఉందో వెతకడం సాధ్యమైంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. ఇంటర్ పుస్తకంలో ప్రతి పిల్లవాడూ ఏటీపీని కణానికి శక్తినిచ్చే నాణెం అని బట్టీ పడతాడు. దాని పక్కన ఒక తెలుగువాడి పేరు కూడా ఉండాలి. దీన్ని నేను చిన్న విషయం అనుకోను.

ఆ ఏటీపీ సంగతి పక్కన పెట్టి ఫోలిక్ యాసిడ్ దగ్గరకు వద్దాం. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరక్క 1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లాడు. ఆ తర్వాత అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏను రెండింతలు చేసుకోవాలి. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి థైమిడిన్. శరీరం థైమిడిన్ తయారుచేసుకోవాలంటే ఫోలేట్ కావాలి. ఫోలేట్ లేకపోతే మూలుగలో రక్తకణాలు పుట్టవు, కడుపులో బిడ్డ వెన్నుపాము సరిగా మూసుకోదు. గర్భిణికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చేది అందుకే.

ఇప్పుడు మెదడు. నాడీశాస్త్రానికి పితామహుడనదగ్గ స్పెయిన్ దేశస్థుడు కాహాల్, ఎదిగిన మెదడులో నాడీకణాలు పోవడమే తప్ప కొత్తవి రావని తీర్పు చెప్పాడు. ఆ మాట యాభై ఏళ్లు చెల్లింది. 1962లో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఒక తెలివైన పని చేశాడు. రేడియోధార్మికత ఉన్న థైమిడిన్‌ను ఎలుకలకు ఎక్కించాడు. విభజన జరుగుతున్న కణమే థైమిడిన్‌ను తన డీఎన్ఏలో పొదుగుకుంటుంది కాబట్టి, కొన్నాళ్ల తర్వాత ఏ నాడీకణంలో ఆ గుర్తు కనబడితే అది కొత్తగా పుట్టిందని అర్థం. గుర్తు కనబడింది. 1965లో గోపాల్ దాస్‌తో కలిసి హిప్పోకాంపస్‌లో కొత్త కణాల సంగతి వివరంగా రాశాడు. జ్ఞాపకాలకు కీలకమైన భాగం హిప్పోకాంపస్. చెవి పైభాగానికి లోపలగా, రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. ఆల్ట్‌మన్ మాటను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాహాల్ నీడ అంత పెద్దది. మెదడులో కొత్త కణం పుట్టిందని మనిషి కంటికి తెలిపిన గుర్తు, ఫోలేట్ నడిపించే దారిలో తయారయ్యే అక్షరమే. 1962 నాటికి సుబ్బారావు పోయి పద్నాలుగేళ్లు.

ఎలుకల్లో కొత్త నాడీకణాలు ప్రధానంగా రెండుచోట్ల స్థిరపడతాయి: హిప్పోకాంపస్‌లో, వాసనలను గుర్తించే ఆల్ఫాక్టరీ బల్బ్‌లో. పుట్టినవన్నీ బతకవు. హిప్పోకాంపస్‌లో పుట్టినవాటిలో ఎక్కువ భాగం మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. మరి ఆ శవాలు ఏమవుతున్నాయి? కణం చచ్చి పగిలితే చుట్టూ విషం చిమ్ముతుంది, వాపు వస్తుంది. ఎలుక హిప్పోకాంపస్‌లో ఆ వాపు లేదు. ఎవరో శుభ్రం చేస్తున్నారు.

ఎవరో చెప్పాలంటే 1919కి వెళ్లాలి. కాహాల్ శిష్యవర్గంలోని పీయో దెల్ రియో ఒర్తేగా వెండి కార్బొనేట్ రంగు వేసి మెదడు పొరలు చూస్తుంటే, అప్పటిదాకా ఎవరికీ స్పష్టంగా కనబడని కణాలు కనిపించాయి. చిన్న ఒళ్లు, చుట్టూ సన్నని కొమ్మలు. మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. ఇవి నాడీకణాల సంతానం కావు. పిండం తొలి దశలో, ఇంకా మూలుగ కూడా ఏర్పడకముందే, పచ్చసొన సంచిలో పుట్టిన ఆదిమ రోగనిరోధక కణాలు మెదడులోకి వలసపోయి అక్కడే స్థిరపడతాయని 2010లో తేలింది. గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తారు. ఇవి రావు. మెదడులోనే పుడుతూ, పోతూ వంశం నిలుపుకుంటాయి. రియో ఒర్తేగా మాత్రం స్పెయిన్ అంతర్యుద్ధంతో దేశం విడిచి, 1945లో బ్యూనస్ ఏర్స్‌లో పోయాడు. దేశంకాని దేశంలో పోయిన శాస్త్రజ్ఞుల జాబితాలో మన సుబ్బారావు పక్కన ఆయన్నూ రాసుకోవచ్చు.

చాలాకాలం మైక్రోగ్లియాను నిద్రపోయే కాపలావాడిగా చూశారు. దెబ్బ తగిలితే లేస్తుంది, లేకపోతే ఊరకే ఉంటుంది అని. 2005లో బతికున్న ఎలుక పుర్రెను ఒకచోట పల్చన చేసి, ప్రత్యేకమైన లేజర్ సూక్ష్మదర్శినితో చూసినవాళ్లకు వేరే దృశ్యం కనిపించింది. కణం ఒళ్లు కదలదు. కొమ్మలు మాత్రం ఒక్క క్షణం ఆగవు. చాచుతూ, ముడుచుకుంటూ, పక్కనున్న నాడీకణాలను తడిమి చూస్తూ ఉంటాయి. అలా కొన్ని గంటల్లో మెదడు మొత్తాన్ని ఒకసారి తడిమేస్తాయి. లేజర్‌తో ఒక చుక్కంత గాయం చేస్తే, చుట్టుపక్కల మైక్రోగ్లియా అన్నీ ఆ వైపు చేతులు చాచి, అరగంటలోపే గాయం చుట్టూ దడి కట్టేశాయి. వాటికి కబురు చెప్పిందెవరు?

ఏటీపీ. గాయపడిన కణం నుంచి ఏటీపీ బయటికి కారుతుంది. మైక్రోగ్లియా పైపొర మీద దాన్ని పసిగట్టే గ్రాహకాలు ఉన్నాయి. బయట తేలే ఏటీపీని విరిచేసే ఎంజైము పోస్తే కొమ్మలు ఆ వైపు రావడం మానేశాయి. 1929లో కండరంలో దొరికిన పదార్థం మెదడులో పిలుపుగా కూడా పనిచేస్తోందన్నమాట. లోపల ఉన్నంతసేపు శక్తి, బయటపడితే కేక.

ఇక శుభ్రం చేసేది ఎవరన్న ప్రశ్నకు 2010లో అమాండా సియెర్రా, తోటివాళ్లు జవాబిచ్చారు. ఎలుక హిప్పోకాంపస్ పొరలను వాళ్లు చూసిన తీరు పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. నాడీకణాల కేంద్రకాలు ఒక వంపులో ఒత్తుగా పేర్చినట్టుంటాయి. ఆ వంపు లోపలి అంచున కొత్త కణాలు పుట్టే సన్నని పట్టీ. అందులో అక్కడక్కడ చనిపోతున్న కణం కనబడుతుంది: కేంద్రకం కుంచించుకుపోయి గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆ గుండును ఒక సంచి పూర్తిగా చుట్టేసి ఉంది. ఆ సంచికి ఒక సన్నని కాడ. కాడ వెంట వెళ్తే మైక్రోగ్లియా ఒళ్లు. కణం ఉన్నచోటు నుంచి కదలకుండా ఒక్క కొమ్మ చాపి, కొసన గిన్నెలా చేసి, శవాన్ని మూసేసింది. మింగిన కణాన్ని గంటల్లో జీర్ణం చేసుకుంటుంది. కణాలు పూర్తిగా పగిలి విషం చిమ్మేదాకా ఆగదు. ఇదంతా ఆరోగ్యంగా ఉన్న మెదడులో, మైక్రోగ్లియా రెచ్చిపోకుండానే జరిగే పని. సియెర్రా తర్వాత స్పెయిన్‌లోని ఆచూకారో కేంద్రంలో ఇదే పని కొనసాగించింది. ఆచూకారో అంటే రియో ఒర్తేగాకు విద్య నేర్పిన గురువు. వందేళ్లలో చక్రం ఒక చుట్టు తిరిగింది.

మక్కచేనులో ఒత్తుగా మొలిచినచోట కొన్ని మొలకలు పీకేస్తాం. పీకకపోతే ఏదీ కంకి పట్టదు. ఆ పని చేసే చేయికి ఏది ఉంచాలో ఏది తీయాలో తెలియాలి. మైక్రోగ్లియాకు ఆ తెలివి కొంత ఏటీపీ ఆనవాళ్ల నుంచి వస్తుంది. మూర్ఛ వచ్చిన ఎలుక మెదడును సియెర్రా బృందం 2016లో చూసింది. ఫిట్స్‌లో నాడీకణాలు అదుపులేకుండా రగులుతాయి, ఏటీపీ అన్నిచోట్లా వరదలా పారుతుంది. చనిపోతున్న కణం చుట్టూ ఉండాల్సిన చిన్న ఏటీపీ జాడ ఆ వరదలో కలిసిపోతుంది. ఊరంతా ఒకేసారి అరిస్తే ఎటు పరుగెత్తాలో ఎవరికి తెలుస్తుంది? శవాలు మిగిలిపోతాయి, వాపు మొదలవుతుంది. మూర్ఛ రోగుల మెదడు నమూనాల్లోనూ ఇదే లోపం కనిపించింది. ఫిట్స్ మందు ఒక్క పూట మానేస్తే ఏమవుతుందిలే అనుకునే ఇళ్లు మన చుట్టుపక్కల ఉన్నాయి. ఫిట్స్ వచ్చి తగ్గిన తర్వాత కూడా నష్టం లోపల మిగలవచ్చని ఈ ప్రయోగం చెబుతోంది.

మింగడం ఒక్కటే పనైతే ఈ కణాల గురించి గంటసేపు మాట్లాడక్కర్లేదు. పెంచడం కూడా వాటి పనే. ఇది ఐ.ఐ.టి. మద్రాసులో చదువుకుని నాడీశాస్త్రంలోకి వచ్చిన వెంకటేష్ మూర్తి హార్వర్డ్ ప్రయోగశాలలో, బెత్ స్టీవెన్స్‌తో కలిసి చేసిన పని. మొదటి రచయిత్రి జెనెల్ వాలెస్. 2020లో అచ్చయింది. ఆల్ఫాక్టరీ బల్బ్‌లోకి కొత్త నాడీకణాలు వచ్చి చేరుతున్న రోజుల్లో వాళ్లు ఎలుకలకు పి.ఎల్.ఎక్స్. 5622 అనే మందు కలిపిన మేత పెట్టారు. మైక్రోగ్లియా బతకడానికి అవసరమైన ఒక గ్రాహకాన్ని ఆ మందు మూసేస్తుంది. మేత తిన్న ఎలుకల మెదడులో మైక్రోగ్లియా దాదాపు మాయమవుతాయి. అప్పుడు రకరకాల వాసనలు చూపించి, కొత్త కణాలు ఎలా స్పందిస్తున్నాయో చూశారు. స్పందన తగ్గింది. ఇతర కణాల నుంచి ప్రేరక సంకేతాలు అందుకునే చిన్న బుడిపెలు కొత్త కణాల మీద చిన్నవిగానే ఉండిపోయాయి. అణచే సంకేతాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. మైక్రోగ్లియా అదనపు బుడిపెలను కత్తిరిస్తాయి కాబట్టి అవి లేకపోతే బుడిపెలు పెరగాలి అని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది వేరు.

నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఇంకొకటి. కొత్త కణాలు బాగా ఎదిగి, వ్యవస్థలో కుదురుకున్న తర్వాత మైక్రోగ్లియాను తీసేస్తే వాటి స్పందనలో పెద్ద తేడా రాలేదు. ఎదిగే రోజుల్లో అవసరం, ఎదిగాక అంత అవసరం లేదు. ఈ కణం మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు, ఏ దశలో అన్నది అడగాలి.

ఇప్పుడు చెడు రోజుల సంగతి. 2003లో జూన్ నుంచి ఆగస్టు దాకా మన కరీంనగర్, వరంగల్ జిల్లాల పిల్లల మీద ఏం పడిందో ఇక్కడున్న పెద్దలకు యాదుండాలి. సాయంత్రం ఆడుకున్న పిల్లకు రాత్రి జ్వరం, వాంతులు, ఫిట్స్, తెల్లారేసరికి కోమా. దవాఖానకు చేరేలోపే కొందరు పోయారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద 329 మంది పిల్లలకు మెదడువాపు సోకితే 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ నమూనాల్లో చండీపుర వైరస్‌ను గుర్తించింది. నాగపూర్ దగ్గరి ఊరి పేరు మీద 1965లోనే పేరు పెట్టిన వైరస్ అది. ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి.

మెదడువాపులో వైరస్ చేసే నష్టం కొంత, దాన్ని ఎదుర్కొనే క్రమంలో మెదడు తనకు తానే చేసుకునే నష్టం కొంత. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం, మెదడువాపు తెచ్చే మరో వైరస్ అయిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ మీద పనిచేసింది. నాడీకణాలుగా మారవలసిన మూలకణాలకే ఆ వైరస్ సోకి, వాటి విభజనను తగ్గిస్తుందని 2008లో చూపింది. బతికి బయటపడ్డ పిల్లల్లో చదువు, మాట, నడక వెనకబడడానికి ఇది ఒక కారణం కావచ్చని వాళ్లు సూచించారు. రెచ్చిపోయిన మైక్రోగ్లియాను మినోసైక్లిన్ అనే మందు శాంతపరచి, సోకిన ఎలుకలను చాలావరకు కాపాడిందని కూడా చూపారు.

మినోసైక్లిన్ అన్నచోట మళ్లీ ఆగాలి. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న రోజుల్లోనే, లెడర్లేలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశాడు. 1948లో, సుబ్బారావు పోవడానికి కొద్ది వారాల ముందు, ప్రకటించారు. మినోసైక్లిన్ కూడా ఆ తర్వాత లెడర్లే నుంచే వచ్చింది.

ఈ మందుతో 2003లో స్వీడన్‌లో ఎక్‌డాల్, లిండ్‌వాల్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఎలుక మెదడులోకి బ్యాక్టీరియా గోడ పదార్థం ఎక్కిస్తే మైక్రోగ్లియా రెచ్చిపోయి, హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు చాలావరకు బతకలేదు. మినోసైక్లిన్ ఇస్తే బతికాయి. అదే ఏడాది అమెరికాలో మిషెల్ మోంజే, థియో పామర్ మరో దారిలో అదే తేల్చారు. తలకు రేడియేషన్ ఇచ్చిన ఎలుకల్లో కొత్త నాడీకణాలు ఆగిపోయాయి. నొప్పుల కోసం వాడే మామూలు ఇండోమెథాసిన్ ఇస్తే కొంత తిరిగి మొదలైంది. మూలకణాలు చచ్చిపోయాయన్నది సగం నిజమే. చుట్టూ ఉన్న వాపు వాటిని ఎదగనివ్వలేదన్నది మిగతా సగం.

ఇది విని రేపే మందుల షాపుకు పరుగెత్తే వాళ్లుంటారు. మతిమరుపుకు మినోసైక్లిన్ పనిచేస్తుందేమోనని బ్రిటన్‌లో తేలికపాటి అల్జీమర్స్ ఉన్న 544 మందికి రెండేళ్లపాటు పరీక్ష జరిపారు. జబ్బు వేగం తగ్గలేదు. ఎలుక ఫలితాన్ని పట్టుకుని మనిషికి టానిక్ అమ్మేవాళ్లు ప్రతి సంతలో ఉన్నారు. మెదడులో కొత్త కణాలు పుట్టిస్తామనే సీసా కనబడితే దూరంగా ఉండండి.

మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు కథ మరీ మెలికలు తిరిగింది. ఫోలిక్ యాసిడ్ చేయగలిగినవాళ్లు దాని రూపాన్ని కొద్దిగా మార్చి, ఫోలేట్ దారికి అడ్డుపడే మందులు కూడా చేశారు. సుబ్బారావు పంపిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వార్త అచ్చయింది. అంతకుముందు ఆ పిల్లలకు చావు ఒక్కటే దారి. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. క్యాన్సర్ కణాలు వేగంగా చీలుతాయి, వాటికి థైమిడిన్ దారి మూసేస్తే ఆగిపోతాయి. పిల్లల రక్త క్యాన్సర్‌లో ఇప్పటికీ అది పునాది మందు. మెదడుకు పాకకుండా వెన్నులోకి కూడా ఎక్కిస్తారు. తక్కువ మోతాదులో వారానికోసారి కీళ్లవాతానికీ ఇస్తారు.

క్యాన్సర్ గెలిచిన పిల్లల్లో కొందరు తర్వాత బడిలో వెనకబడతారు. లెక్క చెప్పలేరు, ఏకాగ్రత నిలవదు. తల్లిదండ్రులు బద్ధకం అనుకుంటారు. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో ఎరిన్ గిబ్సన్, మిషెల్ మోంజే దీని లోతు చూశారు. చిన్నతనంలో మెథోట్రెక్సేట్ ఇచ్చిన ఎలుకల్లో మైక్రోగ్లియా నెలల తరబడి రెచ్చిపోయే ఉన్నాయి. అవి పక్కనున్న సహాయక కణాలను చెడగొట్టాయి. నాడీతీగలకు మైలిన్ పొర చుట్టే కణాలు పక్వానికి రాలేదు. ఇక్కడ దెబ్బతిన్నది కొత్త నాడీకణాల కన్నా ఈ పొర చుట్టే కణాలన్నది గమనించాలి. అప్పుడు వాళ్లు ఏ మందుతో మైక్రోగ్లియాను తొలగించారు? వాలెస్ వాడిన ఆ పి.ఎల్.ఎక్స్. 5622తోనే. మైలిన్ కోలుకుంది, ఎలుకల జ్ఞాపకం కూడా కోలుకుంది.

ఒకే మందు, ఒకే జాతి ప్రాణి. హార్వర్డ్‌లో ఆరోగ్యంగా ఎదుగుతున్న కొత్త కణాల దగ్గర మైక్రోగ్లియాను తీసేస్తే నష్టం. స్టాన్‌ఫర్డ్‌లో విషం తగిలి రెచ్చిపోయినవాటిని తీసేస్తే లాభం. ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవని వ్యాసం ఏదైనా, మైక్రోగ్లియాను శత్రువని రాసినా, రక్షకుడని రాసినా, నేను సగమే నమ్ముతాను. మెథోట్రెక్సేట్ మాత్రం ఎవరూ మానకూడదు. ప్రాణం ముందు, లెక్కల మార్కులు తర్వాత. కానీ ఆ పిల్లలను బద్ధకస్తులని తిట్టడం ఆపాలి. వాళ్లకు పరీక్షలో అదనపు సమయం, బడిలో అదనపు ఓపిక కావాలి.

చివరగా మనిషి. ఇంతదాకా చెప్పిందంతా ఎక్కువగా ఎలుకల కథ. మనిషి మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా? 1998లో ఎరిక్సన్, గేజ్ బృందం పుడతాయని చూపింది. క్యాన్సర్ పరీక్ష కోసం థైమిడిన్‌ను పోలిన పదార్థం ఎక్కించుకున్న ఐదుగురు, చనిపోయాక తమ మెదళ్లను ఇచ్చారు. వాళ్ల హిప్పోకాంపస్‌లో ఆ గుర్తు ఉన్న నాడీకణాలు దొరికాయి. 2013లో స్వీడన్‌లో ఫ్రీసెన్ బృందం అణుబాంబు పరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్–14ను గడియారంగా వాడి, ఒక్కో హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరతాయని లెక్కగట్టింది. మనిషి ఆల్ఫాక్టరీ బల్బ్‌లో మాత్రం, అదే పద్ధతిలో చూస్తే, ఎదిగాక కొత్తవి దాదాపు చేరవు. 2018లో అల్వారెజ్–బుయ్య బృందం, పెద్దవాళ్ల హిప్పోకాంపస్‌లో కూడా మాకు ఒక్కటీ కనబడలేదు పొమ్మంది. 2019లో మాడ్రిడ్ బృందం, 87 ఏళ్లవాళ్లలో కూడా ఉన్నాయి, అల్జీమర్స్‌లో తగ్గుతున్నాయి అంది. 2025లో ఫ్రీసెన్ బృందం 78 ఏళ్ల వయసు దాకా విభజన జరిగే మూలకణాలను గుర్తించింది. నా తీర్పు పుడతాయనే వైపే. ఎన్ని, అందరిలోనా అన్నది తేలాల్సి ఉంది.

ఈ గొడవ సిద్ధాంతాల కన్నా ఎక్కువగా, శరీర భాగాలను భద్రపరిచే ఫార్మలిన్ దగ్గర వచ్చింది. చనిపోయాక మెదడును ఎంత త్వరగా తీశారు, ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉంచారు అన్నదాన్ని బట్టి కొత్త కణాల గుర్తు కనబడుతుంది, లేదా మసకబారి పోతుంది. మాడ్రిడ్ వాళ్లు దీన్ని స్పష్టంగా చూపారు. అంటే ప్రపంచానికి కావలసింది త్వరగా, సరిగ్గా భద్రపరిచిన మనిషి మెదడు. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. నేత్రదానానికి సంతకాలు చేసే ఊళ్లు మనవి. మెదడు దానం, దేహదానం గురించి కూడా ఇళ్లలో మాట్లాడండి. చనిపోయాక నిర్ణయం తీసుకునేది కుటుంబమే, దానికి దొరికేవి కొద్ది గంటలే. అందుకే బతికున్నప్పుడే నోటితో చెప్పి ఉంచండి, కాగితం మీద రాసి ఉంచండి. ఆ రెండు కాలేజీల్లోని పిల్లలూ, కోరుట్ల పశువైద్య కళాశాల పిల్లలూ, మీ పాథాలజీ విభాగాల్లో ఫార్మలిన్ సీసా మీద తేదీతో పాటు గంట కూడా రాయడం రేపటి నుంచే మొదలుపెట్టండి.